చిప్పపిల్లల భోజనం

మా పిన్నికి దూరం చూపు ఆనదు. వీధి చివర నిలబడ్డ సొంత అక్కని గుర్తుపట్టదు గానీ, గోడ మీద పోతున్న చీమ నోట్లో ఏముందో చెప్పేస్తుంది. అందుకని చిన్నప్పుడే ఇంట్లో ఆవిడకి భూతద్దం అని పేరు పడిపోయింది. పెట్టింది ఆ అక్కే, అంటే మా అమ్మ. కళ్ళజోడు వచ్చాక కూడా పేరు మారలేదు. దగ్గరి వస్తువు చూడాలంటే పిన్ని కళ్ళజోడు తీసి నెత్తి మీద పెట్టుకునేది, కాసేపటికి అదే కళ్ళజోడు కోసం ఇల్లు పీకి పందిరి వేసేది.

అమ్మమ్మ కాన్పుల ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చాక భోజనాల దగ్గర వార్డు కబుర్లే. ఎవరు పుట్టారు, ఎవరు పాలు తాగారు, ఎవరు పెదాలు బిగించుకుని వార్డుని గడగడలాడించారు. ఆ కబుర్లు విని పెరిగిన ఇద్దరు కూతుళ్ళలో మా అమ్మ బడిపంతులమ్మ అయింది. పిన్ని జంతుశాస్త్రం చదివి, సముద్రపు ఒడ్డున ఆల్చిప్పలు పెంచే షెడ్డులో ఉద్యోగానికి చేరింది.

"చదువు చెప్పించింది దేనికే? ఆల్చిప్పలకి మంత్రసానితనం చెయ్యడానికా?" అంది అమ్మమ్మ.

"నువ్వు చేసేదే కదమ్మా నేనూ చేస్తున్నది. నీ పిల్లలు ఏడుస్తారు, నావి ఏడవవు. నాదే సుఖం" అంది పిన్ని.

ఆ షెడ్డుని నేను చాలాసార్లు చూశాను. మనిషెత్తు ప్లాస్టిక్ తొట్లు వరసగా ఉంటాయి. వాటి అడుగునుంచి గాలి బుడగలు గుబగుబమంటూ లేస్తుంటాయి. నేల ఎప్పుడూ తడే. అందరి కాళ్ళకీ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఒక పక్కన నాచు గది. అందులో ట్యూబ్‌లైట్ల ముందు గాజు బుడ్లు, వాటిలో పెరిగే నాచు. మనం గోడల మీద చూసే పాకుడు నాచు కాదది. ఒక్కొక్క కణం విడివిడిగా నీళ్ళలో తేలుతూ బతికేది, కంటికి ఆననిది. కోట్ల కణాలు చేరితే నీళ్ళకి రంగు వస్తుంది. ఒక బుడ్డిలో బంగారు రంగు, ఒకదాంట్లో లేతాకుపచ్చ, ఇంకోదాంట్లో చిక్కటి పచ్చ.

పెద్ద ఆల్చిప్పలు నీళ్ళలో గుడ్లు వదులుతాయి. వాటినుంచి వచ్చే పిల్లలు మన వెంట్రుక మందం ఉంటాయంతే. గ్లాసు నీళ్ళలో వేలకొద్దీ ఉన్నా, నీళ్ళు కాస్త మసకబారినట్టు కనిపిస్తాయి తప్ప మరేం తెలియదు. కొన్ని వారాలపాటు అలా ఈదుతూ, నాచు కణాలు తింటూ పెరుగుతాయి. తర్వాత వాటికి ఒక పాదం లాంటిది మొలుస్తుంది. దాంతో తడుముకుంటూ వెళ్ళి, గట్టి చోటు చూసుకుని అతుక్కుంటాయి. ఇక జన్మలో కదలవు. "సొంతిల్లు కట్టుకున్నవాడు బదిలీ ఒప్పుకుంటాడా?" అనేది పిన్ని.

పిన్ని పని ఏమిటంటే, రోజూ ప్రతి తొట్టినుంచీ చుక్క నీళ్ళు తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, పిల్లలెలా ఉన్నాయో, ఎంత పెరిగాయో చూడటం. చేరిన మొదటి ఏడాది అంతా సాఫీగానే నడిచింది. రెండో ఏడాది వచ్చి పడింది తంటా.

నాచు గది చూసే పెద్దమనిషిని షెడ్డులో అందరూ నాచు మావయ్య అనేవారు. భార్య పోయిన మనిషి. పిల్లలు లేరు. ఆ గాజు బుడ్లే ఆయనకి కొడుకులూ కూతుళ్ళూ. గదిలోకి ఎవరైనా చెయ్యి కడుక్కోకుండా వస్తే ముక్కు మీద ఉన్న కోపం నోట్లోకి దిగేది. ఆ ఏడాది ఆయన ఎక్కడినుంచో కొత్తరకం నాచు తెప్పించాడు. అది చిక్కటి ఆకుపచ్చ. పాత బంగారు రంగు నాచులా ముక్కుతూ మూలుగుతూ కాదు, నాలుగు రోజులు తిరిగేసరికి బుడ్డి నిండా కమ్ముకునేది. ఆ రంగు చూసి ఓనరు కూడా ముచ్చటపడ్డాడు. తొట్లన్నిటికీ ఇక అదే పొయ్యమన్నాడు.

అప్పటినుంచీ పిల్లలు ఎదగడం మానేశాయి. చావవు, పెరగవు. పుట్టిన రెండో రోజున ఎంత ఉన్నాయో వారానికీ అంతే. ఆ తర్వాత ఒక్కొక్కటే తొట్టి అడుగుకి దిగిపోయేవి. ఒక కాన్పు పోయింది, ఇంకో కాన్పు పోయింది.

"తిండి చాలట్లేదేమో, ఇంకాస్త పొయ్యండి" అన్నాడు ఓనరు.

పోశారు. నీళ్ళు చెరువులా పచ్చబడ్డాయి. పిల్లలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఓనరు మంచివాడే గానీ ఆయన ఓపికకీ ఒక హద్దుంది. ఇంకొక్కసారి చూస్తాననీ, అదీ తేడా కొడితే పిల్లల్ని పెంచే పని కట్టిపెట్టి, బయటినుంచి ఎదిగిన పిల్లల్నే తెప్పించుకుంటాననీ తేల్చి చెప్పేశాడు. అలా జరిగితే పిన్ని మైక్రోస్కోపుకీ, మావయ్య బుడ్లకీ షెడ్డులో చోటుండదు.

"చుట్టూ అంత తిండి పెట్టుకుని ఇవి పస్తులెందుకు ఉంటున్నాయి?" అన్నదే పిన్నికి పట్టుకుంది. "తింటున్నాయా లేదా, తింటే ఎలా తింటున్నాయి? చూసినవాళ్ళెవరూ లేరిక్కడ. నేను చూస్తాను."

అనడం తేలిక. చిప్పపిల్ల తల దగ్గర రెండు రెక్కల కుచ్చు లాంటిది ఉంటుంది. దాని అంచునిండా సన్నటి నూగు. ఆ నూగుని అలల్లా ఆడిస్తూ అది ఈదుతుంది, ఆ నూగుతోనే తిండీ పట్టుకుంటుంది. అంటే తినేటప్పుడు పరుగెత్తుతూనే ఉంటుందన్నమాట. మైక్రోస్కోపులో కన్ను ఆనించి 'ఆ, దొరికావు' అనుకునేలోపు అది తుర్రుమని చూపులోంచి జారుకునేది. మీద పల్చటి గాజు బిళ్ళ వేసి నొక్కితే కదలకుండా ఉండేది గానీ, నోరు కూడా కట్టేసేది.

"పీక మీద కాలేసి తినమంటే ఎవరు తింటారమ్మాయ్?" అన్నాడు నాచు మావయ్య.

నీళ్ళలో జిగురు కలిపి చూసింది పిన్ని. పిల్ల నెమ్మదించింది, దానితోపాటు నూగూ నెమ్మదించింది. దాంతో తిండీ ఆగింది. ఇక మిగిలింది ఒక్కటే దారి. పిల్ల వీపుని ఏదో సన్నటి దాంతో పట్టుకోవాలి, ముందువైపు నోరూ కుచ్చూ స్వేచ్ఛగా వదిలేయాలి. అంత సన్నటి పట్టకారు ఎక్కడ దొరుకుతుంది? గాజు గొట్టమైతే సాగదీసి సన్నం చెయ్యొచ్చని ఎవరో చెబితే, బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళింది.

బస్ డిపో వెనక సందులో గాజుపని చేసే ఆయన దుకాణం ఒకటుండేది. కాలేజీలకి గాజు సామాను చేసిచ్చేవాడు, దుకాణాల బోర్డులకి రంగురంగుల లైటు అక్షరాలు వంచేవాడు. భారీ మనిషి, భుజాలు తలుపుకి అడ్డంగా సరిపోతాయి. పిన్ని వెళ్ళేసరికి ఆయన మంట మీద ఏదో అక్షరం వంచుతున్నాడు. నోట్లో సన్నటి రబ్బరు గొట్టం, దాని రెండో కొస ఆ గాజు గొట్టానికి తగిలించి ఉంది. వేడి గాజు వంచేటప్పుడు నోటితో మెల్లగా గాలి ఊదుతూ ఉండకపోతే వంపు దగ్గర నొక్కుకుపోతుందట. కాబట్టి ఆయన మాట్లాడలేడు.

మా పిన్నికి అంతకంటే ఏం కావాలి! ఆల్చిప్పలు గుడ్లు పెట్టడం దగ్గర మొదలుపెట్టి, ఓనరు మాటా, మావయ్య నాచూ, పిల్లల పస్తులూ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఆయన కళ్ళు మంట మీద, చెవులు ఇటు. అక్షరం పూర్తయ్యాక గొట్టం నోట్లోంచి తీసి అడిగాడు.

"మీ పిల్ల వెంట్రుకంత ఉంటుందన్నారు. ఎవరి వెంట్రుకండీ?"

పిన్ని తన జడలోంచి ఒక వెంట్రుక పుటుక్కున పీకి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే గొట్టం కొస ఇందులో సగం ఉండాలి. లేకపోతే మీ పిల్ల లోపలికే పోతుంది" అన్నాడాయన వెంట్రుకని వెలుతురులో పట్టుకుని. ఆ పెద్ద పెద్ద వేళ్ళతోనే ఒక గాజు గొట్టం మధ్యలో కాచి, ఎర్రబడగానే మంటలోంచి తీసి రెండు చేతులూ సర్రున ఎడంగా లాగాడు. మధ్యలో గాజు దారంలా సాగింది. కంటికి కనిపించీ కనిపించకుండా మెరిసింది. "లోపల బోలే ఉంటుందండీ. ఎంత సాగినా గొట్టం గొట్టమే" అన్నాడు.

సబ్బు పెట్టెలో దూది పరిచి, గొట్టాలు పడుకోబెట్టి ఇచ్చాడు. బస్సు డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేసేసరికి అన్నీ ముక్కలు. మర్నాడు పిన్ని మళ్ళీ వెళ్ళింది. ఈసారి గొట్టాలు షెడ్డు దాకా క్షేమంగా వెళ్ళాయి, తీరా మైక్రోస్కోపు కింద పెట్టేటప్పుడు గాజు పలకకి తగిలి విరిగాయి. విరగనిదాన్ని వీపుకి ఆనిస్తే పిల్ల జారిపోయింది. మళ్ళీ వెళ్ళింది. అలా వెళ్ళి వెళ్ళి, ఆయన నోట్లో రబ్బరు గొట్టాన్నే చూస్తూ చూస్తూ ఉండగా ఒకనాడు పిన్నికి తట్టింది. ఈయన ఊదుతున్నాడు కదా, నేను పీలిస్తే? గాజు గొట్టం వెనక కొసకి రబ్బరు గొట్టం తగిలించి, నోటితో ఇంతంటే ఇంత పీలిస్తే, చిప్పపిల్ల వీపు ముందుకొసకి అతుక్కుంటుంది! పని అయ్యాక కాస్త ఊదితే వదిలేస్తుంది!

"అదొక మూర ఇవ్వండి" అంది ఆయన నోటివైపు చూపిస్తూ.

ఆయన కంగారుగా గొట్టం తీసి, తుడిచి, "ఇది నా నోట్లోదండీ, కొత్తది ఇస్తాను" అన్నాడు. సందు మలుపు తిరిగేదాకా పిన్నికి నవ్వు ఆగలేదట.

మైక్రోస్కోపు గది ఒకప్పుడు సామాన్లు పడేసే గది. కిటికీకి నల్లగుడ్డ. అందులో కూర్చుని పిన్ని కొత్త విద్య సాధన చేసింది. ఎక్కువ పీలిస్తే పిల్ల హడలిపోయి చిప్ప మూసుకునేది. తక్కువైతే జారిపోయేది. తుమ్మొచ్చిందా, అంతే సంగతులు. ఒక మధ్యాహ్నం మాత్రం అన్నీ కుదిరాయి. పిల్ల వీపు గొట్టం కొసకి అతుక్కుంది. కాసేపు మూతి ముడుచుకుని కూర్చుని, మెల్లగా చిప్ప తెరిచి, కుచ్చు చాపింది. నూగు అలలుగా కదలడం మొదలైంది. ఒక అల వెనక ఇంకో అల, గాలికి తల ఊపే పైరులా. నీళ్ళలో ఆకుపచ్చ కణాలు ఆ అలల్లోకి కొట్టుకొచ్చి చిక్కుకుని, కుచ్చు అంచునున్న సన్నటి గాడిలో పడి, ఒకదాని వెనకొకటి నోటివైపు సాగాయి. ఈ భూమ్మీద ఆ సంగతి చూస్తున్న మనిషిని నేనొక్కదాన్నే అనిపించిందట పిన్నికి ఆ క్షణంలో. అలా అనుకుంటూ ఉండగానే నోటి దగ్గర ఏం జరుగుతోందో చూసింది.

ఎవర్నైనా పిలవాలి. నోట్లో గొట్టం. వదిలితే పిల్ల పోతుంది. అందుకని కూర్చున్నచోటే రబ్బరు బూట్లతో నేలని దబదబా బాదడం మొదలుపెట్టింది. కరెంటు షాకు కొట్టిందేమోనని నాచు మావయ్య చేతిలో కర్ర చీపురుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మాయ్? స్విచ్చు ఎక్కడ?"

పిన్ని ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుని లాగి, రెండో చేత్తో మైక్రోస్కోపు చూపించింది. ఆయన వంగి కన్ను ఆనించాడు. పిన్ని పక్కనే బుగ్గలు బిగించుకుని కూర్చుంది.

"ఓహో, దొరికిందే! ఆ... ఇదిగో నా నాచు. వస్తోంది, వస్తోంది. బండి కట్టుకుని వస్తున్నట్టు వస్తోందే! నోటి దాకా వచ్చింది. ఇంక మింగు... మింగవే తల్లీ... అరే!" మావయ్య తల ఎత్తి పిన్నిని చూశాడు. మళ్ళీ వంగాడు. "ఇంకోటి వచ్చింది. తిప్పుతోంది, అటు తిప్పుతోంది, ఇటు తిప్పుతోంది... ఉమ్మేసింది! ఓసి నీ అసాధ్యం కూలా! నా నాచుని ఉమ్మేస్తావా?"

మావయ్య చాలాసేపు చూశాడు. వచ్చిన ప్రతి కణమూ నోటి దగ్గర ఆగుతోంది, ఇరుక్కుంటోంది, బయటికి పోతోంది. కోపం దిగి ఆయన గొంతు మెత్తబడింది.

"పట్టట్లేదమ్మాయ్. దాని నోరు చిన్నది. నా ముద్ద పెద్దది" అన్నాడు.

అని గబుక్కున బయటికి వెళ్ళిపోయాడు. మనసు నొచ్చుకున్నాడని పిన్ని అనుకుంది. గొట్టంలోంచి మెల్లగా ఊది పిల్లని వదిలేసింది. మావయ్య కోసం లేవబోతుంటే ఆయనే తిరిగొచ్చాడు. చేతిలో చిన్న బుడ్డి ఉంది. అడుగున కాస్తంత బంగారు రంగు నీళ్ళు.

"పాతది. పారేయబుద్ధి కాక ఓ మూల ఉంచాను. దీని కణం పచ్చదానిలో సగం కూడా ఉండదు. పెట్టి చూద్దామా?"

ఇంకో పిల్లని పట్టడానికి చాలాసేపు పట్టింది. పట్టాక బంగారు నాచు ఒక చుక్క వేశారు. ఈసారి కణాలు గాడిలో వరసగా వచ్చి, నోటి దగ్గర ఆగకుండా లోపలికి జారిపోయాయి. చిప్ప అద్దంలా ఉంటుంది కాబట్టి లోపలంతా కనిపిస్తుంది. పొట్టలో పడ్డ నాచు గిరగిర తిరుగుతోంది, కవ్వం వేసి చిలికినట్టు.

"మింగింది! ఇదిగో ఇంకోటి మింగింది! ఒరేయ్, ఎవర్రా అక్కడ, రండర్రా!" అని మావయ్య పెట్టిన కేకకి తొట్లు కడిగేవాళ్ళూ, బుట్టలు మోసేవాళ్ళూ, చివరికి ఓనరూ వచ్చి గదిలో కిక్కిరిశారు. వరసలో ఒక్కొక్కరూ చూశారు. బుగ్గలు నొప్పెట్టి పిన్ని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా గొట్టం వదల్లేదు. ఓనరు చూసి తల గోక్కున్నాడు.

"అయితే ఇన్నాళ్ళూ సముద్రమంత భోజనం వడ్డించి పస్తులు పెట్టామా వీటిని?"

"మావయ్య నాచు తప్పు కాదండీ" అంది పిన్ని, పిల్లని వదిలేశాక. "అది పెద్దవాళ్ళ భోజనం. ఇవి ఇంకా పాలు తాగే వయసువి. కాస్త నోరు పెరిగాక పచ్చదే పెడదాం, బలంగా తింటాయి."

మావయ్య మొహం వెలిగిపోయింది. "విన్నారా? పెద్దవాళ్ళ భోజనమట నాది!" అని అందరికీ మళ్ళీ చెప్పాడు.

అడుగున మిగిలిన ఆ కాస్త నాచునుంచి మావయ్య బుడ్డి తర్వాత బుడ్డి పెంచాడు. అది పెరగడానికి టైము పడుతుంది. ఆయన ట్యూబ్‌లైట్ల ముందు కుర్చీ వేసుకుని, కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపలా కాశాడు. కొత్త కాన్పు పిల్లలకి అదే పోశారు. పిన్ని రోజూ చూసేది. పొట్టలు బంగారు రంగులో నిండి ఉండేవి. వారం తిరిగేసరికి పిల్లలు గుండ్రబడ్డాయి.

ఈలోగా గాజుపని ఆయన గొట్టాలు ఇవ్వడానికి తనే షెడ్డుకి రావడం మొదలుపెట్టాడు. బస్సులో విరుగుతాయని ఒక సాకు. ఇక్కడ ఒక తమాషా జరిగింది. ఆయన దుకాణంలో పిన్ని మాట్లాడేది, ఆయన నోట్లో గొట్టం. షెడ్డులో పిన్ని నోట్లో గొట్టం. అప్పుడు తెలిసింది పిన్నికి, ఆయన నోట్లో నాలుక లేని మనిషి కాడని. బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, తను వంచిన అక్షరాల గురించీ, అచ్చుతప్పు పడి వెలిగిన బోర్డుల గురించీ చెప్పేవాడు. నవ్వొస్తే పిల్ల పారిపోతుంది, నవ్వకుండా ఉండటం పిన్ని వల్ల కాదు. ఆయన వచ్చిన రోజున పని సగమే అయ్యేది.

ఒకసారి ఆయన ఎప్పటిలా మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు.

"మీరు మాట్లాడలేనప్పుడే అడుగుతున్నాను. మాట్లాడగలిగినప్పుడు నాకు సందు దొరకదు కాబట్టి. మనం పెళ్ళి చేసుకుందామాండీ?"

పిన్ని కన్ను మైక్రోస్కోపు మీద, నోట్లో గొట్టం, కొసన పిల్ల. ఆ పిల్ల అప్పుడే కుచ్చు చాపి మంచి ఆకలి మీద ఉంది. పిన్ని చూపుడువేలు పైకెత్తింది, ఆగమన్నట్టు. ఆయన ఆగాడు. ఆ పిల్ల తిన్నంత సేపూ, ఆ భారీ మనిషి స్టూలు మీద ఒళ్ళో చేతులు పెట్టుకుని, పరీక్ష ఫలితాలకోసం వచ్చినవాడిలా కూర్చున్నాడు. చివరికి పిన్ని మెల్లగా ఊది పిల్లని వదిలి, గొట్టం తీసి, "సరే" అంది.

"సరే అన్నది నాకా, దానికా?" అన్నాడాయన.

"దానికైతే వెళ్ళిరా అనేదాన్ని" అంది పిన్ని.

ఆయనే మా బాబాయి. ఇంట్లో సంగతి చెప్పినప్పుడు అమ్మమ్మ అన్న మొదటి మాట, "మాట్లాడతాడా?" అని. "నేను ఆగితే మాట్లాడతాడు" అంది పిన్ని. "అయితే పాపం, వయసు మళ్ళాక మొదటి మాట అంటాడు" అంది మా అమ్మ. బాబాయి ఇంటికొచ్చిన రోజున అమ్మమ్మ పోలిక పెట్టి చూసుకుంది. "ఇది చూస్తే పిట్ట, ఆయన చూస్తే అల్మారా" అని నవ్వింది. నవ్విందంటే ఒప్పుకున్నట్టే.

పెళ్ళి ఏర్పాట్లు జరుగుతుండగానే షెడ్డులో అసలు కబురు వచ్చింది. పిల్లల ఒంటిమీద చిన్న నల్లచుక్క కనిపించింది. కంటిచుక్క అంటారు దాన్ని. అది వచ్చిందంటే ఇక అతుక్కునే రోజులు దగ్గరపడ్డట్టు. అప్పటికే వాటికి మావయ్య పచ్చ నాచు పెడుతున్నారు, లొట్టలేసుకుంటూ తింటున్నాయి. తొట్లలో పాత చిప్పల పెంకులు వేలాడదీశారు. కొన్నాళ్ళకి ఒక పొద్దున పిన్ని ఒక పెంకు తీసి చూస్తే, దాని నిండా మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు. వేలితో రాస్తే రాలలేదు. అతుక్కున్నాయి! పిన్ని ఆ పెంకు పట్టుకుని తడినేల మీద గంతులేసింది. జారి పడింది. పడ్డా పెంకుని పైకే పట్టుకుంది. ఓనరు చెయ్యి అందించబోతే, "ముందు దీన్ని పట్టుకోండి, నన్ను తర్వాత" అంది.

ఆ కాన్పు పిల్లలు షెడ్డులో అంతవరకూ ఎప్పుడూ రానన్ని వచ్చాయి. ఓనరు సంబరానికి అంతులేదు. నీలి కాంతితో చూసే కొత్త మైక్రోస్కోపు తెప్పించాడు. నీలి కాంతి పడితే నాచు ఎర్రగా వెలుగుతుంది, చిప్పపిల్ల వెలగదు. కాబట్టి పిల్ల ఏం తిన్నదో, ఎంత తిన్నదో చీకట్లో దీపం పెట్టినట్టు తెలిసిపోతుంది. ఆ బొమ్మని గోడ మీద పెద్దదిగా పడేలా అమర్చి, ఊళ్ళోవాళ్ళందర్నీ ఒక ఆదివారం చూడటానికి రమ్మన్నారు.

నేను అప్పటికి చిన్నదాన్నే గానీ ఆ రోజు బాగా గుర్తుంది. ఆల్చిప్పల్ని చూడ్డానికి ఎవరొస్తారులే అనుకున్నారు. తీరా చూస్తే షెడ్డు గేటు బయటి దాకా జనం. గది చీకటి చేశారు. నల్లటి గోడ మీద ఒక్కసారిగా ఎర్రటి చుక్కలు తేలాయి, నిప్పురవ్వల్లా. ఆ రవ్వలు ఒక్కొక్కటే ఏదో కనిపించని దారిలో వరసకట్టి వెళ్ళి, ఒకచోట గుండ్రంగా చేరి తిరగడం మొదలుపెట్టాయి. చూస్తుండగానే ఆ గుండ్రం పెద్దదై చిన్న లాంతరులా వెలిగింది. "అదీ దాని పొట్ట!" అన్నాడు నాచు మావయ్య చీకట్లోంచి. గదంతా చప్పట్లు.

అమ్మమ్మ మొదటి వరసలో కూర్చుంది. కూర్చున్నదల్లా లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఆ లాంతరు పక్కన నిలబడి, జనం వైపు తిరిగింది. "చూశారా, కడుపు నిండగానే రవ్వలు రావడం ఎలా ఆగిపోయిందో! మూతి ముడుచుకుందన్నమాట. ఇక దాన్ని విసిగించకూడదు. పిల్లలు వద్దంటే వద్దన్నట్టే. ముద్ద పట్టుకుని వెంటపడే తల్లులు వింటున్నారా?" అంది వార్డులో చెప్పినట్టే. తర్వాత పిన్ని దగ్గరికొచ్చి, "నీవి ఏడవవు గానీ, పేచీలు మాత్రం నా వార్డులోవాళ్ళ పేచీలే" అంది. పిన్ని ఆవిడ భుజం మీద తల పెట్టేసింది.

జనం అడగ్గా అడగ్గా, ఆ ఆదివారం ప్రదర్శన నెలనెలా పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఉంది. నాచు మావయ్య ఉద్యోగం మానేశాడు గానీ ఆదివారం నాడు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేస్తాడు. వరసని నడిపించేది ఆయనే. మొన్న నేను మా పాపని తీసుకుని వెళ్ళాను. ముందు నిలబడ్డ ఒకావిడ గోడ మీద బొమ్మ చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఇంతోటి ప్రాణం అంత తింటుందా?"

"పెట్టేవాడు తెలిసి పెడితే తినేవాళ్ళకేం కొదవమ్మా!" అన్నాడు మావయ్య. "అసలు సంగతి ఇక్కడ లేదు, వంటింట్లో ఉంది. రండి, రండి, నాచు గది చూపిస్తాను. చేతులు కడుక్కోండి ముందు."

ఆవిడ వెంట వరసంతా అటు కదిలింది. మా పాపా వాళ్ళతో పరుగెత్తింది. గదిలో పిన్నీ నేనూ మిగిలాం. "అందర్నీ ఎగరేసుకుపోయాడు చూశావా!" అని పిన్ని నవ్వి, కుర్చీ ముందుకి లాక్కుని, తీరుబడిగా మైక్రోస్కోపు మీదికి వంగింది.